ఫ్యాన్లన్నీ బయటికే తిప్పితే సిస్టం చల్లబడుతుందా?

ఎండలు ముదిరాయంటే చాలు, వాట్సాప్‌లో ఒక సలహా మళ్లీ తిరగడం మొదలవుతుంది. “వేడి గాలి పైకి పోతుంది. కాబట్టి కంప్యూటర్ కేబినెట్‌లో ఫ్యాన్లన్నీ గాలిని బయటికి తోసేలా బిగించండి. ఎన్ని ఫ్యాన్లుంటే అంత చల్లన. అప్పటికీ తగ్గకపోతే పక్క డోర్ తీసేయండి” అని దాని సారాంశం. ఇందులో ప్రతి మాటలోనూ కాస్తంత నిజం ఉంది. చిక్కంతా అక్కడే.

మొదట, అన్నీ బయటికే అన్న మాట. కిటికీలు మూసి వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి చూడండి. తలుపు కింది సందులోంచి గాలి ఈల వేసుకుంటూ వస్తుంది. బయటికి ఎంత గాలి పోతే అంత గాలీ ఎక్కడినుంచో లోపలికి రావాల్సిందే. మనం దారి చూపకపోతే అది వెనక కార్డులు బిగించే స్లాట్ల సందుల్లోంచి, యూఎస్‌బీ పోర్టుల చుట్టూ ఉన్న చీలికల్లోంచి దూరుతుంది. ఆ దారుల్లో ఫిల్టర్ ఉండదు. పైగా వెనక సందులోంచి వచ్చిన గాలి, పక్కనే ఉన్న వెనక ఫ్యాన్లోంచి అటే పోతుంది. తెరమీద బొమ్మలు గీసే, బాగా వేడెక్కే గ్రాఫిక్స్ కార్డు మొహం కూడా చూడదు.

మా తమ్ముడి సిస్టం అచ్చం ఇలాగే ఉండేది. కొన్న షాపులోనే అలా బిగించి ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే ముందు ఫిల్టర్ కొత్తదానిలా ఉంది, యూఎస్‌బీ పోర్టుల్లో మాత్రం దుమ్ము దూదిలా పేరుకుంది. ముందు ఫ్యాన్లను ఎందుకు తిప్పారయ్యా అంటే, రంగులు మారే ఆర్‌జీబీ లైట్లు పక్క అద్దంలోంచి బాగా కనబడాలట! నిజమే, ఫ్యాన్‌కి రెక్కలు బాగా కనిపించే వైపు గాలిని పీల్చుకుంటుంది. మోటారును పట్టుకున్న అడ్డకమ్మీలున్న వైపు వదులుతుంది. అందమైన వైపు లోపలికి తిప్పితే ఫ్యాన్ గాలిని బయటికి తోస్తుంది. లైట్లే కావాలంటే రెక్కలు తిరగేసి చేసిన ఫ్యాన్లు దొరుకుతాయి, అవి కొనుక్కోవచ్చు.

ఇక వేడి గాలి పైకి పోవడం. పోతుంది, కానీ ఎంత బలంగా? అర మీటరు కూడా ఎత్తు లేని పెట్టెలో, లోపలి గాలి బయటికన్నా 10 డిగ్రీలు వేడిగా ఉన్నా, దాంతో పుట్టే ఒత్తిడి సుమారు 0.2 పాస్కల్. మామూలు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ గరిష్ఠంగా 10 నుంచి 20 పాస్కల్ దాకా ఇస్తుంది. ఫ్యాన్ ఎటు తోస్తే గాలి అటే. పైన పెట్టే ఫ్యాన్ వెనక మూలకు ఉంటే మేలే. ముందు మూలకు పెడితే, ముందునుంచి వచ్చిన చల్లగాలిని ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ దాకా చేరనివ్వకుండా మధ్యలోనే ఎగరేసుకుపోతుంది.

ఎన్ని ఫ్యాన్లుంటే అంత చల్లన అన్నదానికి ఒక లెక్క చూద్దాం. ఐ5-12400 ప్రాసెసర్‌కు గరిష్ఠంగా 117 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డుకు 115 వాట్లు. మిగతావి కలుపుకుని 250 వాట్ల వేడి అనుకుందాం. సెకనుకు 35 లీటర్ల గాలి పారితే చాలు, ఆ గాలి లోపలికి వచ్చి బయటికి పోయేలోగా 6 డిగ్రీలే వేడెక్కుతుంది. గాలిని రెట్టింపు చేస్తే అది 3 డిగ్రీలవుతుంది. అంటే కష్టపడి సంపాదించింది మహా అయితే 3 డిగ్రీలు. గది 32లో ఉండి చిప్ 80 చూపిస్తుంటే, మిగిలిన 40 పైచిలుకు డిగ్రీల తేడా చిప్‌కీ దాని కూలర్‌కీ సంబంధించింది. అక్కడ చిప్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్టు ఎండిపోయిందేమో, హీట్‌సింక్‌లో, అంటే కూలర్ లోహపు రేకుల్లో, దుమ్ము పేరుకుందేమో చూసుకోవాలి. ఈ మాదిరి సిస్టంకి ముందు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి చాలు. ముందు ఫ్యాన్లు కాస్త ఎక్కువ తోస్తే గాలి సందుల్లోంచి బయటికే పోతుంది, దుమ్ము ఆ దారిన లోపలికి దూరదు.

పక్క డోర్ తీస్తే టెంపరేచర్ తగ్గుతుంది కదా అంటారు. తగ్గొచ్చు. బాగా తగ్గిందంటే మాత్రం డోర్ తీసి ఉంచమని కాదు, ముందు ప్యానెల్‌కి ఊపిరాడటం లేదని అర్థం. అద్దంతోనో ప్లాస్టిక్‌తోనో నిండా కప్పేసిన ముఖం ఉన్న కేబినెట్లకు ఈ జబ్బు ఉంటుంది. ఆ ముఖం ఊడదీసి ఒకసారి పరీక్షించండి, తేడా తెలిసిపోతుంది. మెష్ (జల్లెడలాంటి) ముఖం ఉన్నదానికి మారడమే మందు. డోర్ తెరిచి ఉంచితే దుమ్ము సంగతి సరే, మన ఇళ్లల్లో బల్లులు కూడా ఉంటాయి. వెచ్చని చోటంటే వాటికి మహా ఇష్టం.

ఫ్యాన్లు ఎటు తిరుగుతున్నాయో అనుమానముంటే టిష్యూ పేపర్ ముక్క ఒకటి కేబినెట్ బయటి వైపున ఫ్యాన్ దగ్గర పెట్టి చూడండి. అంటుకుంటే లోపలికి, ఎగిరితే బయటికి. మే నెల మధ్యాహ్నం గది 40 డిగ్రీల్లో ఉంటే మాత్రం, ఎన్ని ఫ్యాన్లు ఎటు తిప్పినా కేబినెట్‌లోకి వచ్చేది 40 డిగ్రీల గాలే.