చివరి నల్లా దగ్గర పరీక్ష

ట్యాంకు కిందున్న నల్లా తిప్పి, గాజు గొట్టంలో నీళ్లు పట్టి, నాలుగు చుక్కల మందు వేసి, క్లోరిన్ ఉన్నట్టు పసుపు రంగు వచ్చిందని రిజిస్టర్‌లో రాసేస్తే చాలా పంచాయతీల్లో ఆ రోజుకు నీటి పరీక్ష అయిపోయినట్టే. కిలోమీటరు అవతల, పైపు ముగిసేచోట ఉన్న ఇంటి నల్లాలో అదే రంగు వస్తోందా లేదా అన్నది మాత్రం చూసే నాథుడు ఉండడు. దక్షిణ తెలంగాణ పల్లెల్లో తాగునీటి చిక్కు ఇప్పుడు ఆ కిలోమీటరులోనే ఉంది.

బోరు నీటిలో ఉండి పళ్లను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడ్ గోడు దేశం చెవిన వేయడానికి 1996 లోక్‌సభ ఎన్నికల్లో 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచిన గడ్డ నల్లగొండ. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో ఇంటింటికీ నల్లా నీరిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ లేచింది. ఆ తర్వాత మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు ఊళ్లకు శుద్ధి చేసిన కృష్ణా నీరు పైపుల్లో వచ్చింది. అటు మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు శ్రీశైలం వెనుక జలాలు అందాయి. ఇది మామూలు మార్పు కాదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. అయితే శుద్ధి కేంద్రం నుంచి ఊరి ట్యాంకు దాకా వచ్చే నీటికి ఇంజినీర్లున్నారు, ల్యాబులున్నాయి, పూటపూటకూ లెక్కలున్నాయి. ట్యాంకు దిగాక ఆ నీటికి దిక్కు పంచాయతీ వాటర్‌మన్ ఒక్కడే. వీధి దీపాలు, చెత్త ట్రాక్టరు, మొక్కలకు నీళ్లు, మోరీలు తీయడం కూడా తరచూ ఆయన పనులే.

క్రిములను చంపడానికి శుద్ధి కేంద్రంలో కలిపిన క్లోరిన్ పదుల కిలోమీటర్లు ప్రయాణించి, ఎండలో కాగే ట్యాంకులో నిలిచి, ఊరికి చేరేసరికి చాలావరకు తరిగిపోతుంది. అందుకే ఊరి ట్యాంకులో మళ్లీ క్లోరిన్ వేయాలి. నల్లాలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. వైరస్‌ల బెడద ఉన్నప్పుడు అది 0.5 ఉండాలి. ట్యాంకు కింద 0.5 చూపించిన నీరు, పాత పైపుల్లో పాచి, మట్టి ఉంటే, చివరి ఇంటికి సున్నా అయి చేరుతుంది. ఆ సున్నా ఏ రిజిస్టర్‌లోనూ కనిపించదు.

ఎంత వేయాలన్న దగ్గరే మొదటి తప్పు జరుగుతుంది. 60 వేల లీటర్ల ట్యాంకులో లీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున వేయాలంటే 60 గ్రాముల క్లోరిన్ కావాలి. బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ 30 శాతం ఉంటే 200 గ్రాములు సరిపోతుంది. కానీ మోటరు గదిలో మూతి విప్పి, గోడకు ఆనించి, ఒక ఎండాకాలం నిలవ ఉంచిన సంచిలో 15 శాతం కూడా ఉంటుందన్న నమ్మకం లేదు. అప్పుడు అదే ట్యాంకుకు 400 గ్రాములు పట్టాలి. రోజూ ఒకే డబ్బాతో కొలిచి పోసే వాటర్‌మన్‌కు ఈ తేడా తెలిసే మార్గం లేదు. పొడి తెల్లగానే ఉంటుంది, ఘాటు వాసనా కొంత వస్తుంది. గడ్డకట్టినా, తడిసి ముద్దయినా దాన్ని పక్కన పెట్టాల్సిందే. ఏడాదికి సరిపడా ఒకేసారి కొనడం కంటే రెండు మూడు నెలలకు సరిపడా తెచ్చి, ప్లాస్టిక్ డబ్బాలో గట్టిగా మూతపెట్టి, నీడన ఉంచడం మేలు. ఇనుప డబ్బా వద్దు, తుప్పు పడుతుంది.

ఎలా వేయాలన్నది రెండో తప్పు. పొడిని పైనుంచి ట్యాంకులో గుమ్మరిస్తే సున్నం అడుగున పేరుకుంటుంది, క్లోరిన్ సమంగా కలవదు. ముందు నీళ్లందుకునే పది ఇళ్లకు ముక్కు పగిలే వాసన, చివరి ఇళ్లకు ఏమీ లేని నీరు. ప్లాస్టిక్ బకెట్‌లో పొడిని కొద్ది నీటితో ముద్దగా కలిపి, బకెట్ నింపి, పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచాలి. పైన తేరిన నీటిని మాత్రమే ట్యాంకులో పోయాలి. అడుగున మిగిలిన సున్నం మట్టిలో పూడ్చాలి. పోసేది ట్యాంకు నిండుతున్నప్పుడే, అంటే నీరు పడే ధారలో. అప్పుడే అది కలుస్తుంది. నిండాక అరగంట ఆగి వదలాలి. క్రిములు చావడానికి ఆ అరగంట కావాలి. చాలా ఊళ్లలో పొద్దున ఆరింటికి మందు పోసి ఆరుం పావుకు వాల్వు తిప్పుతున్నారు.

'నీళ్లు మందు వాసన వస్తున్నయ్' అని ఎవరో గొడవ పడితే మరునాటి నుంచి క్లోరిన్ బంద్ చేసే సర్పంచులూ ఉన్నారు. వాసన ఎక్కువైందంటే మోతాదు తప్పిందని, లేదా సరిగ్గా కలవలేదని అర్థం. మందు మానేయడం దానికి విరుగుడు కాదు. బిందెలో పట్టుకుని కాసేపు మూత తీసి ఉంచితే వాసన చాలావరకు పోతుంది. ఆ మాట గ్రామసభలో ఒకసారి గట్టిగా చెప్పాలి.

ఇక పైపు సంగతి. రోజుకు గంటో రెండు గంటలో నీళ్లు వదిలి ఆపేసే ఊళ్లో, ఆపిన ప్రతిసారీ పైపులో ఒత్తిడి పడిపోతుంది. నిండుగా ఉన్నప్పుడు బయటికి చిమ్మిన లీకేజీయే, ఖాళీ అయినప్పుడు చుట్టూ ఉన్న నీటిని లోపలికి లాగుతుంది. ఆ చుట్టూ ఉన్నది మోరీ అయితే చెప్పేదేముంది! సీసీ రోడ్డు వేసినప్పుడు జేసీబీ తగిలి పగిలిన పైపుకు ట్యూబు రబ్బరు చుట్టి మట్టి కప్పిన చోట్లు ప్రతి ఊళ్లోనూ నాలుగైదు ఉంటాయి. ఇంటి కనెక్షన్ పైపు మోరీ లోపలి నుంచే వెళ్లడం ఇంకో సాధారణ దృశ్యం. గేట్‌వాల్వు గుంతలు వానాకాలంలో మురుగుతో నిండి, వాల్వు మునిగి ఉంటుంది. వాటర్‌మన్ ఆ మురుగులో చేయి పెట్టే తిప్పుతాడు.

అన్నిటికంటే దగ్గరగా చూడాల్సింది నల్లా గుంత. ఒత్తిడి చాలక నీళ్లు ఎక్కని ఇళ్లవాళ్లు వాకిట్లో రెండడుగులు తవ్వి, పైపును కిందికి దించి, బిందె గుంతలో పెట్టి పట్టుకుంటారు. పైపుకు నల్లా ఉండదు, ప్లాస్టిక్ మూతో గుడ్డ పేలికో ఉంటుంది. బిందె నిండి పొర్లిన నీరు, గిన్నెలు కడిగిన నీరు, వాన నీరు అన్నీ ఆ గుంతలోనే నిలుస్తాయి. పైపు మూతి అందులో మునిగి ఉండగా ట్యాంకు దగ్గర వాల్వు కట్టేస్తే గుంతలోని నీరు పైపులోకి పోతుంది. మరునాడు పక్కింటివాళ్ల బిందెలోకి మొదట పడేది అదే. ఇంకొందరు నల్లాకే నేరుగా అర హెచ్‌పీ మోటరు బిగిస్తారు. అది నీటితోపాటు లైనులోని ప్రతి సందులోంచి మురుగునూ పీలుస్తుంది. మోటర్లు గుంజుకుపోవడం ఒక్క రోజు ముచ్చట. ఆ వీధికి ఒత్తిడి ఎందుకు చాలడం లేదో చూసి, నీళ్లు వదిలే సమయాన్ని వీధులవారీగా విడగొట్టి, అప్పటికీ ఎక్కని వీధికి విడిగా లైను వేస్తే తప్ప గుంతలు పూడవు. నేల నుంచి అడుగున్నర ఎత్తులో నల్లా, దాని కింద చిన్న సిమెంటు గద్దె, నీళ్లు పోయే దారి: ఒక్కో ఇంటికి అయ్యే ఖర్చు ఒక్క ఆసుపత్రి బిల్లులో పదో వంతు ఉండదు.

పైపు ముగిసే ఆ చివర ఎవరుంటారన్నది కూడా చెప్పుకోవాలి. ఎక్కువ ఊళ్లలో అది ఎస్సీ కాలనీ, లేదంటే కొత్తగా కట్టిన ఇళ్ల వరుస. దేవరకొండ, చందంపేట వైపు అయితే తండా. తక్కువ నీళ్లు, తక్కువ ఒత్తిడి, తక్కువ క్లోరిన్ వాళ్ల వంతే. ట్యాంకు కింద చేసే పరీక్షలో వాళ్లు లెక్కలోకే రారు.

ట్యాంకు కడగడం గురించి ఎంత చెప్పినా తక్కువే. నెలలో మూడుసార్లు కడిగినట్టు స్తంభానికి తేదీలు రాసి ఉంటాయి. రాసినవన్నీ కడిగినవి కావని ఊళ్లో అందరికీ తెలుసు. 2024 ఏప్రిల్‌లో నాగార్జునసాగర్ దగ్గర నందికొండలో తాగునీటి ట్యాంకులో సుమారు 30 కోతుల కళేబరాలు బయటపడ్డప్పుడు రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. మండుటెండల్లో నీళ్ల కోసం దిగిన కోతులు పైకి ఎక్కలేకపోయాయి. ఆ తర్వాతైనా ఎన్ని ఊళ్లలో ట్యాంకు మూతకు గొళ్లెం, తాళం పడ్డాయి? గాలి గొట్టాలకు జాలీ ఉందా? నిచ్చెన మెట్లు తుప్పుపట్టి విరిగిన ట్యాంకు పైకి ఎవరు ఎక్కి చూస్తున్నారు?

కడిగే పద్ధతిలో రహస్యమేమీ లేదు. నీరు వచ్చే వాల్వు, ఊళ్లోకి పోయే వాల్వు రెండూ కట్టేయాలి. అడుగు నీటిని వాష్‌అవుట్ వాల్వు (ట్యాంకు ఖాళీ చేసే వాల్వు) నుంచి బయటికే వదలాలి. ఊరి లైనులోకి వదిలితే ఒండ్రు అంతా ఇళ్లకు చేరుతుంది. గోడలు, నేల గట్టి బ్రష్‌తో రుద్ది, బ్లీచింగ్ నీళ్లు చల్లి, అరగంట ఆగి, మంచినీటితో కడిగి మళ్లీ బయటికే వదలాలి. లోపలికి ఒక్కణ్నే దింపకూడదు. మూతలన్నీ తెరిచి గాలి ఆడనిచ్చి, పైన ఇంకొకరు ఉండాలి. బ్లీచింగ్ ఘాటుకు ఊపిరాడక పడిపోతే పైకి లాగేవాళ్లుండాలి కదా.

ఫ్లోరైడ్ విషయంలో మాత్రం పాత గండం కొత్త దారిన వస్తోంది. ఎండాకాలంలో భగీరథ నీరు చాలనప్పుడో, మెయిన్ పైపు పగిలి రెండు రోజులు ఆగినప్పుడో, పాత బోరు మోటరు వేసి అదే ట్యాంకు నింపుతున్నారు. బోరు నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 3 మిల్లీగ్రాములు, భగీరథ నీటిలో 0.4 ఉన్నాయనుకుందాం. సగం సగం కలిస్తే 1.7 అవుతుంది. ఉండాల్సింది 1, వేరే దారి లేనప్పుడు గరిష్ఠంగా 1.5. క్లోరిన్ ఎంత వేసినా ఫ్లోరైడ్ తగ్గదు. కాచితే తగ్గకపోగా నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చే వయసుకు ముందే, చిగురు లోపల పళ్లు తయారయ్యేటప్పుడే ఈ నీరు పిల్లలపై పని చేస్తుంది. మచ్చ బయటపడేసరికి చేయగలిగింది ఉండదు. బోరు నీళ్లు వాడుకోవడానికి ఇవ్వక తప్పదంటే వాటికి వేరే తొట్టి, వేరే నల్లా ఉండాలి. ట్యాంకుకు వెళ్లే బోరు లైనును విడదీసి మూత బిగించాలి. వాల్వు కట్టేశామన్న మాట చాలదు, వాల్వులు లీకవుతాయి.

నల్లా నీటిపై నమ్మకం లేక జనం ఇరవై లీటర్ల క్యాన్ల వెంట పడుతున్నారు. ప్లాంటు యజమాని టీడీఎస్ మీటరు ముంచి '50' అని చూపిస్తే శుద్ధి అయినట్టే అనుకుంటున్నారు. ఆ మీటరు నీటిలో కరిగిన లవణాల మొత్తాన్నే చెబుతుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పదు, క్రిములున్నాయో లేవో అసలే చెప్పదు. పైగా ఆ నీటిలో క్లోరిన్ ఉండదు. సరిగా కడగని క్యాన్‌లో నాలుగు రోజులుంటే పాచి పడుతుంది. పరీక్షించిన నల్లా నీరు దానికంటే నిశ్చింత. అయితే పరీక్షించాలి, ఆ ఫలితం జనానికి కనిపించాలి.

కేంద్రం తాగునీటి పథకం జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్షలో శిక్షణ, కిట్లు ఇవ్వాలన్న నిబంధన ఉంది. కొన్నిచోట్ల ఆ కిట్టు పంచాయతీ బీరువాలో సీలు విప్పకుండానే ఉంది, మందుల గడువు దాటిపోయింది. ఆ కిట్టును బయటికి తీసి మహిళా సంఘానికి అప్పగించాలి. రోజూ చివరి నల్లాలో రెండు నిమిషాలు నీరు పోనిచ్చి, గొట్టంలో పట్టి, చుక్కలు వేసిన పది సెకన్లలోపే రంగు చూడాలి. ఐదు నిమిషాలు ఆగి చూస్తే లేని క్లోరిన్ కూడా ఉన్నట్టు కనిపిస్తుంది. చూసిన నీళ్లు పారబోసి గొట్టం, చేతులు కడుక్కోవాలి. ఆ మందు ఒంటికి మంచిది కాదు. వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి మలినాన్ని పట్టే మందున్న హెచ్‌టూఎస్ సీసాలో నీళ్లు పట్టి వెచ్చని చోట ఉంచాలి. ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మలినం కలిసినట్టే. అప్పుడు లైను వెంట నడిచి లీకేజీ పట్టుకోవాలి, ఆలోగా జనం నీళ్లు కాచి తాగాలి. ఫ్లోరైడ్‌కు ఏడాదికొకసారి లీటరు నీటిని ల్యాబుకు పంపాలి. బోరు కలిపే ఊరైతే ఎండాకాలంలో తప్పనిసరిగా.

పంచాయతీ గోడ మీద ఎన్నో పథకాల పేర్లు రాస్తారు. అక్కడే ఐదు గడుల బోర్డు ఒకటి పెట్టాలని కోరుతున్నాం: తేదీ, చివరి ఇంటి నల్లాలో క్లోరిన్ ఎంత, ట్యాంకు ఎప్పుడు కడిగారు, ఈ రోజు బోరు నీరు కలిపారా లేదా, పరీక్ష చేసిన మహిళ సంతకం. వరుసగా రెండు రోజులు 0.2 కంటే తక్కువ వస్తే మూడో రోజు పంచాయతీ కార్యదర్శి మండల అధికారికి రాతపూర్వకంగా తెలపాలి. ఇందుకు కొత్త జీవో అక్కర్లేదు, జిల్లా కలెక్టర్లు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. మృగశిర లోపే ఇవ్వాలి.