వరద బాధితులకు శిక్షణ ఎప్పుడు?

విపత్తు సహాయక చర్యలను సమన్వయం చేయడం ఎలా అన్న విషయం మీద మూడు రోజుల శిక్షణ ముగించుకుని నిన్ననే ఇంటికొచ్చాను. సర్టిఫికెట్‌ని లామినేషన్ చేయించి మరీ ఇచ్చారు. రేపు వరదొచ్చి ఇల్లు మునిగినా అది మాత్రం తడవదు. నిర్వాహకుల ముందుచూపు అంటే అదీ!

ఆ మూడు రోజులూ ఓ పెద్ద హోటల్లో నలభై మందిమి కలిసి ఒక జిల్లాను చార్టు మీద ముంచాం, చార్టు మీదే తేల్చాం. ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారో రాసే పట్టిక ఒకటుంది. దాన్ని నింపడానికే ఒక పూట పట్టింది. పసుపు చీటీలు అయిపోతే గులాబీవి అంటించొచ్చా అన్న దానిమీద కాసేపు టెన్షన్ నడిచింది. నాలుగున్నరకి టీ, సమోసాలు వచ్చేసరికి వరద తీసేసింది.

అప్పుడు తట్టింది నాకు. లోపం మాలో లేదు. బాధితులకే శిక్షణ లేదు.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మా పిన్ని రెండో అంతస్తులో ఇరుక్కుపోయింది. మూడో రోజుకి గానీ ఫోన్ కలవలేదు. "ఒరేయ్, పొద్దుట్నుంచి పులిహోర పొట్లాలు మూడుసార్లు వచ్చాయిరా. మంచినీళ్ల సీసా ఒక్కటీ రాలేదు. మా వెనక సందు వాళ్లకైతే పులిహోరా లేదు" అంది. అప్పుడు పాపం అనుకున్నాను. ఇప్పుడు శిక్షణ పొందినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, తప్పు పిన్నిదే. పులిహోర పడవని ఆపి నీళ్లడగడమేమిటి?

ఐక్యరాజ్యసమితి వాళ్లు 2005లో ఈ సహాయం పనినంతా విడగొట్టి క్లస్టర్లని పేరు పెట్టారు. ఆ ఏడాది అక్టోబర్‌లో పాకిస్తాన్ భూకంపంలో మొదటిసారి అమలు చేశారు. తర్వాత అవి 11 అయ్యాయి. బియ్యం ఆహార భద్రత కిందికొస్తుంది. ఆ బియ్యం వండే గిన్నె సాధారణంగా షెల్టర్ వాళ్లది. ఎసట్లో పోసే నీళ్లు పారిశుద్ధ్యం వాళ్లవి. అదే అన్నం మెత్తగా పిసికి చంటివాడికి పెడితే పోషకాహారం. ఇవన్నీ మోసుకొచ్చే పడవ లాజిస్టిక్స్. ఇంత వివరంగా పంచిపెట్టాక కూడా "అన్నం పెట్టండి" అని ఒక్క ముక్కలో అడిగే జనంతో ఎవరు వేగగలరు?

ప్రమాణాలూ తెలియవు. విపత్తులో మనిషికి రోజుకి కనీసం 15 లీటర్ల నీళ్లు, 3.5 చదరపు మీటర్ల చోటు, 20 మందికి ఒక మరుగుదొడ్డి అని అంతర్జాతీయంగా రాసిపెట్టారు. పిన్ని ఇంట్లో ఆ రోజుల్లో కింది వాటాల వాళ్లతో కలిపి పదమూడు మంది, మరుగుదొడ్లు రెండు. అంటే ప్రమాణాలకి మించిన వైభోగం. అందులో పోయడానికి చెంబెడు నీళ్లు లేవని గొణగడం చూస్తే, కొంతమందికి ఎంత చేసినా అంతే అనిపిస్తుంది.

భాష ఇంకో గండం. 2010 హైతీ భూకంపం తర్వాత సమన్వయ సమావేశాలు చాలామటుకు విమానాశ్రయం దగ్గరి ఐరాస స్థావరంలో, ఇంగ్లీషులో జరిగాయి. ఆ దేశం వాళ్లు మాట్లాడేది క్రియోల్, ఫ్రెంచ్. ఇళ్లు కూలకముందే ఇంగ్లీషు నేర్చుకుని ఉంటే ఈ ఇబ్బంది ఉండేది కాదు కదా.

వెక్కిరిస్తున్నానని అనుకోకండి. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు అధికారిక లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. 2014 హుద్‌హుద్ నాటికి తీరం జనాన్ని ముందే తరలించి కాపాడుకోగలిగాం. నేర్చుకుంటే ప్రాణాలు దక్కుతాయి. మరి ఆ చదువు ముంపులో ఉండేవాళ్లకి మాత్రం ఎందుకు అందకూడదు?

అందుకే ఆరు నెలల కోర్సు ఒకటి ప్రతిపాదిస్తున్నాను. దాహం వేసినప్పుడు సంబంధిత క్లస్టర్‌ని గుర్తించడం, మెడలోతు నీళ్లలో పట్టిక నింపడం, నివేదిక వచ్చేదాకా ఆకలిని వాయిదా వేయడం ముఖ్య పాఠాలు. చెడు అలవాట్లు మాన్పించడానికి ప్రత్యేక తరగతులుంటాయి. ఉదాహరణకి మా పిన్ని ఏం చేసిందో తెలుసా? మిగిలిన పులిహోర పొట్లాలను బకెట్లో పెట్టి, బట్టలారేసే తాడు మీద వెనక సందు మేడ మీదికి జరిపింది. అట్నుంచి అదే బకెట్లో మంచినీళ్లు వచ్చాయి. సమావేశం లేదు, తీర్మానం లేదు, ఒక్క పసుపు చీటీ అయినా అంటించలేదు. ఇలాంటి అనధికార సమన్వయాన్ని మొక్కగా ఉన్నప్పుడే వంచాలి.

మొదటి సీటు తనకే ఇద్దామని ఫోన్ చేశాను.

"క్లాసులు ఎక్కడరా?" అంది.

"హోటల్లో పిన్నీ. ఏసీ, భోజనం అన్నీ వాళ్లవే."

"ఎన్నో అంతస్తు?"

"కిందే, గ్రౌండ్ ఫ్లోర్."

"అయితే నేను రాను" అని పెట్టేసింది.