భోగి మూటలో గుత్తి ఇంజిన్

ఈ ఏడాది భోగికి చెన్నైలోని మన తెలుగు సంఘం చేసిన పని మంచిదే. టైర్లు, ప్లాస్టిక్ తగలబెట్టి ఊరంతా పొగ పెట్టొద్దని చెన్నై కార్పొరేషన్ ఏటా మొత్తుకుంటూనే ఉంది. అందుకే మన కుర్రాళ్ళు ఇంటింటికీ తిరిగి పాత సామాను సేకరించారు. బట్టలు ఆశ్రమానికి ఇచ్చి, మిగతావి అమ్మి, ఆ డబ్బు స్కాలర్‌షిప్ నిధిలో వేశారు. ఉగాది సభలో పంచాంగ శ్రవణం అయ్యాక ఆ లెక్క చదువుతుంటే హాలంతా చప్పట్లు. "ఇత్తడి, ఇనుము" అన్న పద్దు దగ్గర నాకు చేతులు రాలేదు. ఆ పద్దులో విల్లివాక్కంలో ఉండిన పెద్దాయన బొమ్మ రైలింజిన్లు ఉన్నాయి.

ఆయన్ని మీలో చాలామంది ఎరుగుదురు. దసరాకి వాళ్ళింట్లో బొమ్మల కొలువు చూడ్డానికి వెళితే కింది మెట్టు ముందు పట్టాల మీద డీజిల్ ఇంజిన్ తిరుగుతూ ఉండేది. పసుపు కుంకుమ తీసుకుని, శనగలు పుచ్చుకుని, పిల్లల్ని అక్కడి నుంచి లాక్కురాలేక అవస్థ పడిన ఇల్లాళ్ళు ఈ పత్రిక చదివేవాళ్ళలో ఎందరో ఉన్నారు.

పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీ 1955లో స్విట్జర్లాండ్ వాళ్ళ సాంకేతిక సాయంతో మొదలైంది. ఈయన కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ట్రైనింగుకి ఆ దేశం వెళ్ళి, మిగిల్చిన డబ్బుతో మార్‌క్లిన్ అనే బొమ్మరైళ్ళ కంపెనీ వారి ఎర్రటి వి200 కొనుక్కొచ్చారు. జర్మనీ డీజిల్ ఇంజిన్‌కి నమూనా అది, ఒళ్ళంతా లోహం. తరవాత సెంట్రల్ స్టేషన్ పక్కనున్న మూర్ మార్కెట్‌లో, 1985లో అది తగలబడిపోయేదాకా, ఎవరో దొరలు వదిలేసి వెళ్ళిన హార్న్‌బీ డబ్లో, ట్రయాంగ్ పేర్ల ఇంగ్లండు బొమ్మ ఇంజిన్లు ఒక్కొక్కటీ బేరమాడి తెచ్చుకున్నారు.

ఇంత సేకరణలోనూ ఆయనకి ప్రాణమైంది మాత్రం కొన్నది కాదు, చేసుకున్నది. వాళ్ళన్నయ్య గుత్తి రైలింజిన్ల షెడ్‌లో డ్రైవర్. మన రైల్వేకి డబ్ల్యూడీఎం-2 అనే డీజిల్ ఇంజిన్లు 1962లో అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి వచ్చాయి. 1964 నుంచి వారణాసిలోనే తయారయ్యాయి. పదహారు సిలిండర్లు, 2600 హార్స్ పవర్. బండి కదిలేటప్పుడు, ఇంజిన్‌లోకి గాలి తోసే టర్బో వేగం అందుకునేలోపు గుప్పున నల్లటి పొగ వదిలేవి. గుంతకల్లు, రేణిగుంట వైపు పెరిగినవాళ్ళకి ఆ పొగ, ఆ గుడగుడ చప్పుడు చెప్పనక్కర్లేదు. ఆ ఇంజిన్‌ని ఈయన ఇత్తడి రేకుతో చేశారు. అసలు పొడవు 17 మీటర్ల పైచిలుకు, 87వ వంతుకి తగ్గిస్తే జానెడు, 20 సెంటీమీటర్లు. పక్క జాలీల గీతలన్నీ సూదిమొనతో గీసినవే. చేతి కమ్మీలు సన్నటి తీగతో అతికినవి. ఈ కొలతకి మన బ్రాడ్ గేజ్ పట్టాల మధ్య ఎడం 19 మిల్లీమీటర్ల పైన ఉండాలి, బజార్లో దొరికే పట్టాలేమో 16.5. అందుకని చక్రాలు కాస్త లోపలికి జరిపి, ఆ తేడా కనబడకుండా చక్రాల చట్రం పక్కలు దించారు. షెడ్ పేరు తెలుగులో "గుత్తి" అని తెల్ల పెయింటుతో రాశారు, ఆవగింజలంత అక్షరాలు.

వీటిని కొనడం కన్నా కాపాడటం కష్టమని ఆయన బల్ల దగ్గరే నేర్చుకున్నాను. చెన్నై ఉక్కకి, ఉప్పుగాలికి చక్రాలు ఊరికే మసకబారతాయి. ఏళ్ళ నాటి నూనె గట్టిపడి జిగురైపోతుంది. పాత మార్‌క్లిన్ మోటారులో కరెంటు అందించే రెండు బ్రష్షులుంటాయి, ఒకటి కార్బన్, ఒకటి రాగి జాలీ. ఆ రెండూ తీసి, లోపలి రాగి బిళ్ళని స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, బిళ్ళ ముక్కల మధ్య సందుల్లో ఇరుక్కున్న నల్లటి పొడిని పుల్లమొనతో తీసేవారు. ఇరుసుకి నూనె ఒక్క చుక్క, అదీ సూదితో. కొబ్బరినూనె దగ్గరికి కూడా రానిచ్చేవారు కాదు. ట్రయాంగ్ మోటారు అయస్కాంతం ఊడదీయాల్సి వస్తే వెంటనే ఇనపముక్క అతికించమనేవారు, లేకపోతే బలం పోతుంది. పాతకాలపు జింకు పోతల్లో సీసం కలిసి ఉంటే ఏళ్ళ తరవాత లోపల్నుంచే బీటలిచ్చి పొడైపోతాయి. దానికి మందు లేదు, తేమ తగలకుండా చూసుకోవడం తప్ప. ఆయన బీరువా నిండా తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలే.

ఆయన చనిపోయిన ఏడాదికి బీరువా ఖాళీ చేశారు. వాళ్ళ కోడలుగారిని నేను తప్పు పట్టను. రెండు పడగ్గదుల ఫ్లాటు, ఇద్దరు పిల్లలు, వాళ్ళ పుస్తకాలకే చోటు లేదు. "ఎవరికైనా పనికొస్తాయని తెలిస్తే ఇచ్చేవాళ్ళం కదా బాబాయిగారూ" అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మూట మోసిన కుర్రాణ్ణీ ఏమీ అనను. "పాత బొమ్మలనుకున్నాం అంకుల్" అన్నాడు, అంతే మరి, వాడికి చెప్పినవాళ్ళు లేరు. పాతది బయటికి పోతేనే ఇంటికి లక్ష్మి వస్తుందన్న మాట మా అమ్మ నోట విని పెరిగినవాణ్ణి నేనూ. తెల్లవారుజామున భోగిమంట చుట్టూ చేరి చలి కాచుకోవడం, సాయంత్రం పిల్లల మీద భోగిపళ్ళు పోయడం నాకూ ఇష్టమే.

కానీ ఒకటి అడుగుతాను. నానమ్మ గంగాళం, తాతగారి రాగి చెంబు ఎవరైనా మూటలో వేశారా? వెయ్యరు. వాటికి విలువుందని అందరికీ తెలుసు. అదే ఇంట్లో మగమనిషి పాతికేళ్ళు కూర్చుని చేసుకున్న పనిని మనం "ఆయన పిచ్చి" అంటాం. మనిషి పోగానే ఆ పిచ్చిని కూడా సాగనంపేస్తాం. బంగారం, స్థలం, దేవుడి విగ్రహం తప్ప వారసత్వం లేదన్నట్టు బతుకుతున్నాం. ఇది మన దగ్గరున్న జబ్బే, పరాయి ఊళ్ళో ఉన్నందుకు వచ్చింది కాదు.

సంగతి తెలిసిన రోజే పాత సామాన్ల కొట్టుకి పరిగెత్తాను. వి200 దొరికింది, కింద కరెంటు అందుకునే పట్టీ విరిగి. పట్టీ కొత్తది వేయొచ్చు. అలాంటి ఇంజిన్లు ఆ కంపెనీ వేలకొద్దీ చేసింది. ఇత్తడికి రేటెక్కువని గుత్తి ఇంజిన్‌ని మాత్రం అప్పటికే కరిగించడానికి పంపేశారు. అలాంటిది ఇంకొకటి లేదు. అసలు ఆల్కోలు కూడా చాలావరకు లైన్ల మీంచి వెళ్ళిపోయాయి, వారణాసి కార్ఖానా ఇప్పుడు కరెంటు ఇంజిన్లు చేస్తోంది.

పుణెలో జోషీగారనే ఆయన సొంత అభిరుచితో పోగు చేసిన చిన్న రైళ్ళే 1998లో మ్యూజియం అయ్యాయి. మనకి అంత అక్కర్లేదు. సంఘం భవనంలో వేదిక వెనక గదిలో అద్దాల బీరువా ఒకటి చాలు. వచ్చే భోగికి సామాను తూకం వేసే ముందు పెద్దవాళ్ళొకరు మూటలు విప్పి చూడాలి. ఇళ్ళల్లో ఇలాంటివి ఉన్నవాళ్ళు దయచేసి రంగులు వేయించకండి, అట్టపెట్టెలు పారేయకండి, ఇచ్చేసే ముందు ఒక్క ఫోన్ చేయండి. ఇంజిన్లే కానక్కర్లేదు, రేడియోలు, కెమెరాలు, కుట్టుమిషన్లు ఏవైనా సరే. వాటిని తుడిచి, నడిపించి, పిల్లలకి నేర్పే పని నేను చూసుకుంటాను. బీరువా ఖర్చులో సగం నాది. మిగతా సగం సంగతి వచ్చే కార్యవర్గ సమావేశంలో తేల్చమని మనవి.