పాత పోకెమాన్ కార్డు ప్రతిదీ లక్షలు పలుకుతుందా?

"మీ పిల్లల పాత పోకెమాన్ కార్డులు పారేయకండి. ఒక్కొక్కటి లక్షలు పలుకుతుంది. హెచ్‌పీ అంకె పెద్దదైతే, బంగారు రంగుదైతే ఇంకా ఎక్కువ. పిల్లల చేతికివ్వకుండా బీరువాలో దాచండి." వరంగల్, హనుమకొండ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సందేశమిది. పోకెమాన్ కార్డులంటే ఊహా జీవుల బొమ్మలుండే ఆట కార్డులు, హెచ్‌పీ ఆ జీవుల కార్డుల మీద ఉండే ఒక అంకె. దీన్ని నమ్మి నయీంనగర్‌లో మా పక్కింటాయన ఆరో తరగతి చదివే కొడుకు కార్డుల డబ్బా లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశారు. నాకు ఒళ్ళు మండింది. అందుకే ఒక్కొక్క మాటకూ జవాబు రాస్తున్నాను.

పాతదైతే చాలన్నది మొదటి అబద్ధం. 2021లో అమెరికా యూట్యూబర్ లోగన్ పాల్ పికాచు ఇలస్ట్రేటర్ అనే కార్డును 52.75 లక్షల డాలర్లకు కొన్నది నిజమే. కానీ అది దుకాణంలో అమ్మిన కార్డు కాదు. జపాన్‌లో కొరోకొరో పత్రిక పెట్టిన బొమ్మల పోటీల విజేతలకు 39 మాత్రమే ఇచ్చారు. మన పిల్లల దగ్గరున్నవి లెక్కలేనన్ని అచ్చయినవి. కార్డు కింది మూలన చూడండి: చుక్క ఉంటే సాధారణం, వజ్రం గుర్తు ఉంటే కాస్త తక్కువగా దొరికేది, నక్షత్రం ఉంటే అరుదు. అరుదైనదైనా రబ్బరు బ్యాండు అంచును కోసిందంటే ధర పడిపోయినట్టే.

ఇక హెచ్‌పీ. ఎంత దెబ్బ తింటే ఆ జీవి పడిపోతుందో చెప్పే అంకె అది, ధర చెప్పేది కాదు. 1999లో వచ్చిన మొదటి ఇంగ్లీషు సెట్‌లో చారిజార్డ్ అనే జీవికి 120, చాన్సీ అనే జీవికీ 120. ఆ రెండింటి ధరలకు పొంతనే లేదు. ఆటలోనూ పెద్ద అంకె ఉంటే గెలుస్తామని లేదు. చారిజార్డ్ దిగాలంటే దాని చిన్న రూపాలు రావాలి: ముందు చార్‌మాండర్, తర్వాత చార్‌మీలియన్. 100 దెబ్బ కొట్టే ఫైర్ స్పిన్ అనే దాని దాడికి నాలుగు శక్తి కార్డులు కావాలి, మామూలుగా వంతుకు ఒకటే తగిలించాలి, కొట్టిన ప్రతిసారీ రెండు వదులుకోవాలి. ఈలోగా 70 హెచ్‌పీ ఉన్న హిట్‌మాన్‌చాన్ ఒక్క శక్తి కార్డుతో 20 చొప్పున కొడుతూనే ఉంటుంది. ఆ రోజుల్లో పోటీల్లో పేరు మోసిన హేమేకర్ అనే డెక్కుకు, అంటే ఆటకు కూర్చుకునే కార్డుల కట్టకు, వెన్నెముక ఈ చిన్న అంకె జీవే. ఎంత అందమైన లెక్క!

బంగారు రంగు అసలు కార్డులు లేకపోలేదు. కానీ బొమ్మల దుకాణాల్లో కట్టకట్టి అమ్మే పసుపుపచ్చ ప్లాస్టిక్ రేకులు అవి కావు. వాటి మీద అక్షరాలు సైతం తప్పులే. అసలు మామూలు కార్డు అట్ట మధ్యలో నల్లటి పొర ఉంటుంది, అంచు వైపు నుంచి చూస్తే సన్నని గీతలా కనిపిస్తుంది.

చివరిది బీరువా మాట. నిన్న సాయంత్రం ఆ డబ్బా తెరిపించాను. దాదాపు అన్నీ చుక్క గుర్తువే. నక్షత్రం ఉన్నది ఒక్కటే.

"అన్నా, దీనికెంత వస్తుంది?" అని అడిగారాయన.

"మూల విరిగిపోయింది, ఎవరూ కొనరు. పిల్లవాడికివ్వండి, ఆడుకుంటాడు" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి డబ్బా కొడుకు చేతికిచ్చారు. వాడు మా మెట్ల మీదే కూర్చుని అరవై కార్డులు కలిపి, ఏడు చేతిలోకి తీసుకుని, ఆరు బహుమతి కార్డులు పక్కన పేర్చాడు. నన్ను ఎదురుగా కూర్చోమన్నాడు.