పాత సామాన్లు కొంటాం!

(జపాన్‌లో టోక్యో పక్కన తొకొరొజావా. అక్కడి సెయిబుఎన్ యూఎంచి అనే పార్కు. కొడుకూ కోడలూ మనవణ్ని తీసుకుని గాడ్జిల్లా రైడ్ క్యూలో నిలబడ్డారు. మూర్తి, అనసూయ పాతకాలపు కాఫీ హోటల్లో చతికిలబడ్డారు. బల్ల మీద ఒక క్రీమ్ సోడా, రెండు గొట్టాలు.)

అనసూయ: ఇన్ని రైళ్ళు మారి వచ్చి చూసిందేమిటండీ? కూరల కొట్టు, మాంసం కొట్టు, పోలీసు ఔట్‌పోస్టు. మన ఊళ్ళో సంచీ పట్టుకుని బయటికెళ్తే చాలు, ఇవన్నీ ఉచితం.

మూర్తి: అది మామూలు వీధి కాదే. 1960ల నాటి జపాన్ బజారు. పార్కు 1950 నుంచీ ఉంది. 2021లో దీన్నిలా మార్చారు. ఎంత పెట్టారనుకున్నావ్? సుమారు వెయ్యి కోట్ల యెన్‌లు!

అనసూయ: కొత్తగా చేయడానికా?

మూర్తి: పాతగా చేయడానికి.

అనసూయ: మీ గదికి ముప్పై ఏళ్ళుగా పైసా పెట్టలేదు. ఇంతకంటే పాతగా ఉంది.

మూర్తి: నేను మొత్తుకునేదీ అదే! పాత వస్తువు విలువ నీకు తెలీదు. ఇక్కడివాళ్ళు ఆ రోజుల్లో టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఈ మూడింటినీ ఏమనేవారో తెలుసా? మూడు దివ్య నిధులు! వాళ్ళ చక్రవర్తి దగ్గర కత్తి, అద్దం, మణి ఉంటాయి చూడు, వాటి పేరే వీటికీ పెట్టుకున్నారు.

అనసూయ: మన ఫ్రిజ్ కూడా దివ్య నిధే. తలుపుకి తాడు కడితే గానీ మూతపడదు.

మూర్తి: వెటకారం ఆపు. పార్కు ఇలా మార్చిన కొత్తలో లోపల సొంత నోట్లు కూడా ఉండేవట. అసలు డబ్బిచ్చి ఆ నోట్లు తీసుకుని, వాటితో కొనుక్కోవాలి.

అనసూయ: అసలు డబ్బిచ్చి ఉత్త కాగితాలు తెచ్చుకోవడం మీకు అలవాటే కదా. మీ షేర్లేమయ్యాయి?

(మూర్తి గొట్టంతో గట్టిగా పీలుస్తాడు. సోడా ఆకుపచ్చగా, గిన్నెలు తోమే లిక్విడ్ రంగులో ఉంది. పైన ఐస్‌క్రీమ్ ముద్ద, దాని మీద ఎర్రటి చెర్రీ.)

అనసూయ: చెర్రీ నాది.

మూర్తి: తీసుకో. ఇందాక ఆ దొంగా పోలీసూ ఆట మాత్రం భలే రక్తి కట్టింది.

అనసూయ: ఆట అని ముందే చెప్పొద్దూ? వాడు నా పక్కనుంచే పరిగెత్తాడు. బ్యాగు కొంగులో దాచుకుని గోడకి అతుక్కుపోయాను. మీరేమో తెలుగులో "పట్టుకోండి, పట్టుకోండి" అని కేకలు. గొడుగు కూడా అడ్డం పెట్టబోయారు.

మూర్తి: పోలీసు కూడా వేషగాడేనని అబ్బాయి తర్వాత చెప్పాడుగా! సరే, అసలు విషయానికొద్దాం. ఇంటికెళ్ళగానే నాన్నగారి మర్ఫీ రేడియో హాల్లో పెడుతున్నాను. 1964లో, ఇక్కడ టోక్యో ఒలింపిక్స్ జరిగిన ఏడాదే కొన్నారు. పక్కన ఒక బల్బు, ఒక పాత కుర్చీ. చూడ్డానికి మనిషికి ఇరవై రూపాయలు.

అనసూయ: (చెర్రీ కాడ నలుపుతూ) అంటే... ఆ రేడియో తప్పకుండా ఉండాలా?

మూర్తి: అది లేకపోతే ఇంకేముందే?

అనసూయ: అరవకండి. చుట్టూ జపాన్ వాళ్ళున్నారు. విమానం ఎక్కే ముందురోజు "పాత సామాన్లు కొంటాం" అని బండివాడు వచ్చాడు. నూట యాభై ఇచ్చాడు.

(మూర్తి అరవలేదు. తాపీగా ఐస్‌క్రీమ్ తింటున్నాడు.)

అనసూయ: ఏమిటండీ, మాట్లాడరు? బీపీ మాత్ర వేసుకున్నారా?

మూర్తి: నాకు తెలుసు. వీధి చివర వాడి బండి మీద చూశాను. వెనక్కి తెచ్చేశాను.

అనసూయ: అమ్మయ్య! రెండు వారాలుగా నిద్ర లేదు నాకు. ఎంతకిచ్చాడు?

మూర్తి: ఆరు వందలన్నాడు.

అనసూయ: నా దగ్గర నూట యాభైకి కొని మీకు ఆరు వందలా! ఇచ్చేశారా?

మూర్తి: ఎక్కడివి? చేతిలో ఉన్నదంతా అప్పటికే యెన్‌లు చేయించాం కదా. వాడికి యెన్‌లు వద్దట.

అనసూయ: మరి?

మూర్తి: అటక మీద ఇత్తడి బిందెలు రెండు ఊరికే పడి ఉన్నాయి కదా. చోటు కూడా కలిసొచ్చింది. రేడియో సరిగ్గా అక్కడ పట్టింది.

అనసూయ: మా అమ్మ సారె పెట్టిన బిందెలా?

మూర్తి: వాడకపోతే ఏ బిందెలైతే ఏమిటే?

(ఐస్‌క్రీమ్ కరిగి, గ్లాసు అంచు దాటి బల్ల మీదికి కారుతోంది. ఇద్దరూ తుడవలేదు.)

అనసూయ: ఏవండీ, ఆ పోలీసు వేషగాడే కదూ?

మూర్తి: అవునే. వేషగాడే.

అనసూయ: పరవాలేదు. పిలవండి.