గుర్రుమన్న కుక్కను కొట్టకండి

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడికి నాలుగేళ్ల బాలుడు బలైనప్పటి నుంచి హైదరాబాద్‌లో కుక్కల మాట ఎత్తితే చర్చంతా వీధి మీదికే పోతుంది. ఆ భయం న్యాయమైనదే. కానీ కొండాపూర్, మియాపూర్ ఫ్లాట్లలో పసిపిల్లలు రోజంతా కలిసి తిరిగేది పెంపుడు కుక్కతో. దాని విషయంలో మాత్రం "మాది ఎవరినీ ఏమీ అనదండీ" అన్న భరోసాతో సరిపెట్టుకుంటున్నాం.

నా అభ్యంతరం ఆ భరోసా మీదే. తినే గిన్నెలో చేయి పెట్టకూడదని, నిద్రపోతున్న కుక్క మీద పడకూడదని రెండేళ్ల బిడ్డకు తెలియదు. పైగా ఆ వయసులో ముఖం సరిగ్గా కుక్క నోటి ఎత్తులో ఉంటుంది. చిన్నపిల్లలకు కాట్లు ఎక్కువగా తల, ముఖం, మెడ మీద పడేది అందుకే.

కుక్క ఏ సూచనా ఇవ్వకుండా కరవడం అరుదు. ముఖం పక్కకు తిప్పుకుంటుంది. తిండి లేకపోయినా మూతి నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది, ఒళ్లు బిగబడుతుంది. ఇవేవీ పట్టించుకోకపోతే గుర్రుమంటుంది. అప్పుడు మనవాళ్లు చేసే మొదటి పని దాన్ని కొట్టడం! దెబ్బకు గుర్రు ఆగుతుంది, భయం పోదు. మరోసారి ఆ హెచ్చరిక కూడా లేకుండా పళ్లు దిగవచ్చు. గుర్రుమంటే బిడ్డను ఎత్తుకుని పక్కకు వెళ్లాలి, ఏది దాన్ని ఇబ్బంది పెట్టిందో తర్వాత ఆలోచించాలి.

రెండు గదుల ఫ్లాట్‌లో కుక్క తప్పుకోవడానికి చోటే ఉండదు. బిడ్డ చేరలేని మూల ఒకటి దానికి కేటాయించాలి, గుమ్మానికి చిన్న అడ్డుగేటు పెట్టినా చాలు. పొయ్యి మీద పాలు చూసి వచ్చేంత సేపు కూడా ఇద్దరినీ ఒంటరిగా వదలకూడదు. ఫోనులో రీల్స్ చూస్తూ పక్కన కూర్చోవడం కాపలా కిందకు రాదు. బిడ్డను కుక్క వీపు మీద ఎక్కించి వీడియోలు తీసేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

కరిస్తే పసుపు, కారం, సున్నం పూయకండి. పారే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, కుక్కకు టీకా వేయించినా సరే, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రేబిస్ లక్షణాలు మొదలైతే ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

టీకాలకు వచ్చిన తల్లిదండ్రులను పిల్లల డాక్టర్లు పాల గురించి, నిద్ర గురించి అడుగుతారు. "ఇంట్లో కుక్క ఉందా?" అని కూడా అడగడం మొదలుపెడితే ఈ జాగ్రత్తలన్నీ బిడ్డ పాకడం నేర్చుకోకముందే ఆ ఇంటికి చేరతాయి.