ఆమెను అడిగారా?

ఆపరేషన్‌కు ముందు రోజు రాత్రి వార్డులో ఒక కాగితం తిరుగుతుంది. మంచం మీద ఆమె సెలైన్ సీసా వైపు చూస్తూ పడుకుని ఉంటుంది. కాగితం ఆమె దగ్గరికి రాదు. వరండాలో నిలబడ్డ భర్త చేతికో, తమ్ముడి చేతికో వెళుతుంది. నర్సు వేలు పెట్టి చూపిన చోటల్లా సంతకాలు పడతాయి. సంతకం రానివారు వేలిముద్ర వేస్తారు. సన్నటి ఇంగ్లిష్ అచ్చులో అందులో ఏముందో చదివి వినిపించేవారు ఉండరు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి రోగులను వరంగల్‌కు, హనుమకొండకు తెచ్చుకునే కుటుంబాలకు ఇది బాగా తెలిసిన తతంగమే.

దీన్ని సమ్మతి అనడానికి మాకు నోరు రావడం లేదు. చట్టమూ అనడం లేదు. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన ఒక ఢిల్లీ మహిళకు, బయట ఉన్న తల్లి సంతకం తీసుకుని గర్భసంచి, అండాశయాలు తొలగించిన కేసులో సుప్రీంకోర్టు 2008లోనే తేల్చి చెప్పింది. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కానప్పుడు, తన మేలు కీడు తెలిసిన మనిషి తరఫున తల్లి అయినా సరే ఒప్పుకోవడానికి వీల్లేదు. ఒక చికిత్సకు ఇచ్చిన అనుమతి ఇంకో చికిత్సకు చెల్లదు. జబ్బేమిటి, చేయబోయేది ఏమిటి, ముప్పేమిటి, వేరే దారి ఉందా, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి ముందే చెప్పాలి.

ఆ తీర్పు మన ఊళ్లకు ఎంత అవసరమో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది. 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో సుమారు 3 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం. తెల్లబట్ట అవుతోందనో, నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందనో వెళ్లిన మనిషికి 'తీసేస్తే పీడ పోతుంది, లేకపోతే కేన్సర్ అవుతుంది' అన్న మాటే మొదట వినిపిస్తే, మందులతో తగ్గే అవకాశం ఉందేమోనని అడగాలని ఆమెకు ఎలా తోస్తుంది? అండాశయాలు కూడా చిన్న వయసులోనే పోతే ఎముకలు గుల్లబారతాయి. నాట్లు వేస్తూ, పత్తి ఏరుతూ బతికే ఒంటికి అది చిన్న నష్టం కాదు. పైగా, రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం 2002 నాటి వైద్య నియమావళి ప్రకారమే తప్పు. అయినా ఊరి ఆర్‌ఎంపీతోనే బేరం మొదలవుతోందన్న మాట జనంలో ఉంది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అవి ఇక్కడ ఏ మేరకు అమలవుతున్నాయో జిల్లా వైద్యాధికారులు ప్రజల ముందు పెట్టాలి.

డాక్టర్ల ఇబ్బంది మాకు తెలియనిది కాదు. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రి ఓపీలో నిలబడి చూస్తే, ఒక్కో రోగికి పది నిమిషాలు ఇవ్వడం ఎంత కష్టమో అర్థమవుతుంది. 'మాకేం తెలుసు సార్, మీరెలా చెబితే అలా' అని రోగులే చేతులు జోడిస్తారన్నదీ నిజమే. అంతగా నమ్మిన మనిషికి విడమరిచి చెప్పే బాధ్యత డాక్టరుకు ఇంకా పెరుగుతుంది. ప్రమాదంలో స్పృహ తప్పిన వారికి కాగితం కోసం ఆగమని ఎవరూ అనరు. మేము మాట్లాడుతున్నది వారం ముందే తేదీ పెట్టుకునే ఆపరేషన్ల గురించి.

రాష్ట్రంలోని వైద్య కళాశాలలకు పెద్ద దిక్కయిన ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే ఉంది. దానికి పెట్టుకున్నది జనం భాషలో రాసిన ప్రజాకవి కాళోజీ పేరు. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ పేరున్న విశ్వవిద్యాలయం ఇక్కడి డాక్టర్లను కూర్చోబెట్టి, జనం మాట్లాడుకునే తెలుగులో ఒక్కో ఆపరేషన్‌కు ఒక్కో సమ్మతి పత్రం రాయించాలి. ఏటూరునాగారం వైపు నుంచి వచ్చే కోయవారికి వారి భాషలో చెప్పగల మనిషిని ఆసుపత్రులు పిలిపించాలి. పత్రాన్ని కనీసం ఒక రోజు ముందు రోగికే చదివి వినిపించి, ఒక ప్రతి ఆమె చేతికివ్వాలి. అందులో 'నాకు ఈ ఆపరేషన్ వద్దు' అని టిక్కు పెట్టుకునే గడి కూడా ఉండాలి.